రంగూన్ నుంచి తెచ్చిన ఉత్తరం

మా సంఘంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మకాం మార్చేవాళ్లు పాత సంఘం నుంచి ఉత్తరం తెచ్చుకోవాలి. ఫలానా మనిషి మా పుస్తకంలో ఉంది, నడవడి మంచిది, ఇక మీకు అప్పగిస్తున్నాం అని అక్కడి పెద్దలు రాసి, కవరు అంటించి ఇస్తారు. దాన్ని దారిలో ఎవరూ విప్పకూడదు. కొత్త ఊళ్లో ఆదివారం నాడు అందరి ముందూ పాస్టరుగారు చించి చదివితేనే పుస్తకంలో పేరు ఎక్కుతుంది. పేరు ఎక్కిన మనిషికే సమాధుల తోటలో చోటు.

అరవైల్లో రంగూన్ వదిలి ఓడెక్కినప్పుడు నాన్న తనకీ నాకూ ఉత్తరం రాయించాడు. అమ్మ రాయించుకోలేదు. "ఏడాది తిరక్కండా ఎనక్కి వచ్చీడమే గదా, నాకెందుకు" అంది. పెళ్లయిన పెద్దకూతురు అక్కడే ఉండిపోతుంటే తన పేరు కూడా తీసుకొచ్చేయడానికి ఆవిడకి మనసొప్పలేదు. అది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మొండితనం అనుకున్నాం.

ఆ ఏడాది తిరగడానికి పదిహేనేళ్లు పట్టింది. తిరిగి వెళ్లింది కూడా అమ్మ కాదు, నేను.

గొలుగొండ నుంచి మా తాత ఏ వయసులో బర్మా వెళ్లాడో ఎవరికీ సరిగ్గా తెలీదు. మేం మాత్రం ఆయన ఊరని, మన నేలని వచ్చి నర్సీపట్నంలో పడ్డాం. నాన్న తాలూకాఫీసు ఎదురుగా అర్జీలు రాసేవాడు. నాకు నాతవరం వైపు చిన్న బడిలో ఉద్యోగం దొరికింది. పొద్దున బస్సులో నిలబడి వెళ్లడం, సాయంత్రం నిలబడి రావడం. నాన్న పోయాక ఆయన్ని సమాధుల తోటలో పెట్టాం. పక్కన ఒక మనిషికి సరిపడా చోటుంది. అమ్మ ఆ రోజే దాన్ని చూసి పెట్టుకుంది.

"పుస్తకంలో పేరు లేదు కదమ్మా" అన్నారు పెద్దలు. కఠినంగా అనలేదు, నిజానికి బాధపడుతూనే అన్నారు. రంగూన్‌కి మూడు ఉత్తరాలు రాశాం. దేనికీ జవాబు లేదు. అక్కకి రాస్తే ఊరి కబుర్లన్నీ రాసేది, ఆ సంగతి తప్ప. అమ్మకి మోకాళ్లు పట్టేశాయి. ఇక మిగిలింది నేను.

వేసవి సెలవుల్లో బయల్దేరాను. బర్మా నుంచి వచ్చినవాళ్ల ఇళ్లు మా ఊళ్లో నాలుగైదు ఉంటే, అందరూ మూటలు తెచ్చారు. చింతపండు, జీడిపప్పు, కళ్లజోడు, మనవడి ఫొటో. నేను మనిషినా, ఎడ్లబండినా అని విసుక్కుంటూనే సర్దాను. నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో రైలెక్కి కలకత్తా, అక్కడ వీసాకి వారం పడిగాపులు, తరవాత విమానం. ఇంత చేస్తే వాళ్లిచ్చింది ఏడు రోజులు.

అక్క సన్నబడిపోయింది. నన్ను చూడగానే "బేగి రా, సల్లారిపోతాది" అంటూ మొహింగా ముందు పెట్టింది. చేపల పులుసులో సేమ్యా వేసినట్టుండే ఆ తిండి కోసం పదిహేనేళ్లు కలలు కన్నాను. నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంది. నా నాలుకకి నర్సీపట్నం కారం అలవాటైపోయింది. అక్కకి చెప్పలేక ఇంకోసారి పెట్టించుకుని తిన్నాను.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరగడమే. ప్రతి ఇంట్లో ఒక కుర్చీ, ఒక టీ, ఒక ఏడుపు. తరవాత "అక్కడ బాగుంటాదేటి?" అని అడిగేవాళ్లు. బాగుందంటే చిన్నబుచ్చుకుంటారు, లేదంటే ఇంకా చిన్నబుచ్చుకుంటారు. బడిలో నా పక్కన కూర్చున్న నేస్తం దగ్గరికి ఆశగా వెళ్లాను. పది నిమిషాల్లో మాటలైపోయాయి. అది గడియారం వైపు చూస్తే హమ్మయ్య అనుకున్నాను. నర్సీపట్నంలో నేను బర్మావాళ్ల అమ్మాయిని. ఇక్కడేమో "ఇండియా మనిషొచ్చింది" అని పిల్లల్ని పిలిచి చూపించారు. రెంటికీ చెడ్డ రేవడినని నాకు నేనే నవ్వుకున్నాను గానీ, అంత నవ్వొచ్చే సంగతేమీ కాదు. కాళ్లు పీకేవి. ఎవరినీ చూడకుండా ఒక పూట పడుకుంటే చాలనిపించేది.

ఆదివారం గుడికి వెళ్లాం. చర్చిని మేం గుడి అనే అంటాం. బల్లలన్నీ ఖాళీ, నలభై మంది కూడా లేరు. ఆరాధనకి ముందు పెద్దాయన పుస్తకం తీసి పేర్లు పిలిచారు. ఉన్నవాళ్లు లేచి "ఉన్నానండీ" అంటారు. ఉత్తరం తీసుకోకుండా వెళ్లిపోయినవాళ్లకి మాత్రం వెనక మిగిలిన చుట్టాలు లేస్తారు. అమ్మ పేరు పిలిచారు. నా పక్కనున్న అక్క లేచి, పమిట సర్దుకుని, "ఉన్నారండీ" అంది.

గుడి వదిలాక పెద్దాయన్ని ఉత్తరం అడిగాను. "మీవన్నీ అందాయమ్మా. ఆ పేరుకి లేచి పలికే మనిషి ఒప్పుకోకుండా పేరు తియ్యం" అన్నారు. జవాబులు ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి అక్కని నిలదీశాను.

"పదేనేళ్లై నెలనెలా లేచి ఆ మాట అంతన్నాను. మీ బావ పోయాక నాకు ఆ గుడిలో ఇంకేటుంది సెప్పు? ఆయన మన సంఘం కాదు, ఆళ్ల పద్ధతిలో దహనం సేసీసేరు. పిల్లలూ ఆయన దారే. అమ్మ పేరు నేకపోతే నానక్కడికెందుకెల్లాల?" అంది.

నాకు జాలి కలగలేదు. నిజం చెబుతున్నాను, ఒళ్లు మండింది. "నువ్వు పేరుకి లేస్తన్నావు. మనిషిని మోసేది నాను. నాన్నని మోసింది నాను. రోజూ ఆవిడ మోకాళ్లకి నూని రాసేదెవరనుకున్నావు? అమ్మ నాన్న పక్కనుంటానంతంది, అంతే. నీ దగ్గర నేని అమ్మని ఉందని ఎవరికి సెప్తన్నావు?" అన్నాను. అనకూడని మాటే. అక్క రెండు రోజులు అన్నం పెట్టింది, మంచం వేసింది, అంతే.

ఏడో రోజు పొద్దున్నే గుడికి వెళ్లొచ్చి, అంటించిన కవరు నా చేతిలో పెట్టింది. "తీసుకెల్లు. నాకు కోపం నేదని అమ్మకి సెప్పు" అంది. పని అయిందన్న నిశ్చింత తప్ప నాకింకేమీ తోచలేదు. ఎంత అలిసిపోయానంటే, ఆ వేళ అక్క ముఖం ఎలా ఉందో కూడా గుర్తు లేదు.

నర్సీపట్నం వచ్చిన ఆదివారం అమ్మని రిక్షాలో గుడికి తీసుకెళ్లాను. ఇస్త్రీ చీర కట్టుకుని ముందు బల్ల మీద కూర్చుంది. పాస్టరుగారు కవరు చించి చదివారు. "మా సంఘమందలి ఈ ఇద్దరు సహోదరీలను వారి కోరిక మేరకు మీకు అప్పగించుచున్నాము." అమ్మ పేరు చదివారు. ఆ కిందే అక్క పేరు చదివారు.

ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. రావడానికి కాగితాలు లేని మనిషి, వస్తుందో రాదో తెలీని మనిషి, అమ్మ పేరుతో పాటు తన పేరూ తీయించేసుకుని పంపేసింది.

అమ్మకి మాత్రం వెంటనే అర్థమైంది. బల్ల పట్టుకుని లేచింది. "దాని పేరు అక్కడ తీసీసేరా? మరి రేపు దాన్ని అక్కడ ఎక్కడెడతారు?" అని పాస్టరుగారినే అడిగింది. "ఇక్కడ రాసీండి బాబూ. ఆళ్ల నాన్న పక్కన సోటు దానిది. నన్ను గోడవార పెట్టినా సాలు."

"ఆవిడ రాలేదు కదమ్మా" అన్నారొక పెద్దాయన.

"వచ్చీవరకూ ఖాళీగా ఉంచండి."

ఆ రోజు ఇద్దరి మీదా కోపంతో అన్నం తినలేదు. అంత దూరం పోయి, అందరి చేతా ఏడిపించుకుని, అక్కని నానా మాటలూ అని నేను తెచ్చిన చోటుని అమ్మ ఒక్క మాటతో ఇచ్చేసింది. ఎంత బతిమాలినా మాట మార్చుకోలేదు. నాలుగేళ్ల తరవాత పోయింది. చెప్పినట్టే గోడవార పెట్టాం. నాన్నకీ ఆవిడకీ మధ్య రెండు వరసలున్నాయి.

అక్కకి ఆ మాట రాయడానికి కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి, అమ్మని నాన్న పక్కనే పెట్టామని రాశాను. రెండు నెలలకి జవాబొచ్చింది. ఆ మాట విన్నాక కంటి నిండా నిద్ర పడుతోందట. నేను రాలేకపోయినా ఇంక బెంగ లేదు, మా పిల్లల్నీ ఇల్లునీ వదిలి వచ్చే ఆలోచన మానుకున్నాను అని రాసింది.

తోటలో చోటు తక్కువైపోతోంది. మొన్న పెద్దలు ఇంటికొచ్చి కూర్చుని, టీ తాగి, మొహమాటపడుతూ అడిగారు, "మీ అక్కగారు వస్తారాండీ, లేకపోతే ఆ చోటు ఇంకెవరికైనా ఇవ్వమంటారా?" అని.

"వస్తుందండీ. ఉంచండి" అన్నాను.