ఇంట్లోనే ఉండి పాసైన కారు

ముప్పై అయిదేళ్ల కింద బొల్లారంలో ఒకే కాలేజీలో చేరిన రోజు నేనూ, తోటి లెక్చరర్ డేవిడ్ రాజూ ఒక మాట అనుకున్నాం. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బస్సులోనే రావాలని. మూడో నెలలో నేను స్కూటర్ కొన్నాను, ఆ తర్వాత కారు. ఆయన రిటైరయ్యేదాకా బస్సు మానలేదు, నన్ను ఒక్క మాటా అడగలేదు. పోయిన వారం ఫోన్ చేసి, బొల్లారంలో వాళ్ల కాలనీ లైబ్రరీలో చర్చ ఉందన్నాడు. పొగ తగ్గించడానికి బండ్లు నడిపేవాళ్ల మీద పన్ను వేయడం న్యాయమేనా? న్యాయమేనని నేను మాట్లాడాలి. పేపర్లకు పాత బండ్ల మీద పన్ను పెంచమని ఉత్తరాలు రాసేవాణ్ణి నేనే కదా. "బస్సులో రా" అని ఫోన్ పెట్టేశాడు.

చర్చ రోజు ఉదయం తొమ్మిదికి మా ఇంటి దగ్గర, పద్మారావు నగర్‌లో బస్ స్టాపులో నిలబడ్డాను. ఇరవై నిమిషాలకే ఓపిక చచ్చి రెండు వందల యాభైకి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ యాదగిరికి యాభై ఏళ్లుంటాయి, ఆటోకు పదిహేను దాటాయి. ప్యాట్నీ దాటేసరికి అతనికి నా ఉపన్యాసం మొదలుపెట్టాను. పొగ వదిలేవాడే పన్ను కట్టాలి, అదే న్యాయం అన్నాను.

"మీరు కట్టి మళ్ల నడుపుతరు సార్. నేను కట్టినంక ఏం తినాలె?" అన్నాడు. కార్ఖానా దాటాక బండి పక్కకు తీశాడు. "జెర ఆగుతా సార్. పొల్యూషన్ అయిపోయింది."

"అయిపోతే మంచిదే కదయ్యా!"

"కాయితం సార్, కాయితం! గది లేకుంటే పోలీసోళ్లు పరేషాన్ చేస్తరు."

మన ఊళ్లో పొగకూ, పొగ లేదని చెప్పే కాగితానికీ ఒకటే పేరు. పెట్రోల్ బంకు పక్కన తనిఖీ వ్యాను ఉంది. అందులోని మనిషి ఆటో పొగ గొట్టంలో కడ్డీ పెట్టి, "అన్నా, ఫెయిల్. మెకానిక్‌కు చూపించుకొని రా" అన్నాడు. తర్వాత తలెత్తి నన్ను చూసి నవ్వాడు. "నమస్తే సార్! మీ కారు పొల్యూషన్ సుత అయిపోవచ్చింది. ఎప్పటి లెక్క బండి ఫోటో పంపుండ్రి, చేసి పెడ్తా."

యాదగిరి నా వైపు తిరిగాడు. "ఏంది సార్, మీ కారు ఇంట్లనే ఉండి పరీక్ష పాసైతదా? మా పోరడు సుత గట్ల పాసైతే మంచిగుండు!"

ముప్పై ఏళ్లు పరీక్ష హాళ్లలో చీటీలు పట్టుకున్నవాణ్ణి. పర్సు కోసం జేబు తడుముకున్నాను. అతని ఆ రోజు సంపాదన మెకానిక్ దగ్గర ఆగిపోయింది. మూడు వందలు చేతిలో పెట్టబోతే, వచ్చిన దూరానికి నూటయాభై తీసుకుని మిగతాది తిరిగిచ్చాడు.

అక్కణ్ణుంచి తిరుమలగిరి దాకా నడిచి బస్సెక్కాను. పదకొండుకు లైబ్రరీ చేరాను. డేవిడ్ రాజు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "ఏమోయ్, ఇంటి దగ్గర్నుంచి బస్సులోనేనా?"

"బస్సులోనే."

"టికెట్ ఇవ్వు, గుర్తుగా దాచుకుంటాను." కళ్లజోడు సవరించుకుని చదివాడు. దాని మీద ఎక్కిన చోటు తిరుమలగిరి అని ఉంది. మడిచి జేబులో పెట్టుకుని, లోపలికి నడిచి, "మా వాడు ఈ వయసులో బస్సులో వచ్చాడండీ" అని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను రాసుకొచ్చింది రాసుకొచ్చినట్టు చదివాను. యాదగిరి పేరు ఎత్తలేదు.

ఎత్తాల్సింది. పన్ను తప్పని ఇప్పటికీ అనను. కానీ ఉన్నవాడు కట్టి తిరుగుతాడు, లేనివాడి బండి ఆగిపోతుంది, నాలాంటివాడు ఫోటో పంపి గట్టెక్కుతాడు. ఆ మాట అక్కడ చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అటు వెళ్లేవాళ్లకు ఒక సలహా: సికింద్రాబాద్ స్టేషన్ నుంచి బొల్లారానికి లోకల్ రైళ్లున్నాయి. తక్కువే నడుస్తాయి కనుక ముందురోజే వేళలు చూసుకోండి, నాలా ఓపిక లేదని సాకు చెప్పక్కర్లేదు. తప్పు నాదేనని తెలుసు. అయినా, మూడో నెలలో స్కూటర్ దిగుతుంటే చూసి ఊరుకున్నవాడు, మొన్న టికెట్ చదివి కూడా ఊరుకున్నవాడు ఒకడున్నాడు. రెండుసార్లలో ఒక్కసారి నిలదీసినా నేను నిజం చెప్పేవాణ్ణేమో. నేను ఇప్పటికీ నిందించేది అతన్నే, డేవిడ్ రాజుని.