అమ్మ కాయం కోసం పెనుగొండకి

బుధవారం సాయంత్రం మా ఎనిమిదేళ్ల పాప లంచ్ బాక్స్ మూత తీశాను. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. నీళ్ల సీసాలోంచి దాల్చినచెక్క, వాము వాసన వచ్చింది. నేను పరగడుపున తాగే కషాయం అది.

"నువ్వూ తినట్లేదుగా అమ్మా. నాకూ పొట్ట ఉంది," అంది యూనిఫాం మీద చెయ్యి వేసుకుని.

ఆ తర్వాత ఎంత బతిమాలినా పూటకి రెండు ముద్దలే తింటోంది.

బాబు పుట్టి మూడేళ్లయినా నా ఒళ్లు తగ్గలేదు. ఫోన్‌లో చూసినవన్నీ తాగాను. జీలకర్ర నీళ్లు, నానిన మెంతులు, దాల్చినచెక్క. చివరికి బాలింతలకు పెట్టే కాయం కూడా మొదలుపెట్టాను. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు దంచి, కొవ్వు పెరుగుతుందని బెల్లం, నెయ్యి మానేసి వట్టి పొడి మింగాను. పాప పుట్టినప్పుడు అమ్మ కాయం తినిపిస్తే ఏడాది తిరక్కముందే పాత జాకెట్లు పట్టాయి మరి. బాబు కడుపులో ఉండగా అమ్మ పోయింది. ఏమేం వేసేదో నేను అడగనే లేదు. తెలిసింది ఆమె చెల్లెలు, పెనుగొండ పిన్నికే. సరైన కాయం దొరికితే త్వరగా తగ్గుతాను, ఈ సీసాలన్నీ తీసేస్తాను, పాప మళ్లీ తింటుంది అనుకున్నాను.

రెండో శనివారం పిల్లల్ని మావారికి అప్పగించి, ఏడు గంటలకి రాజమండ్రిలో భీమవరం వైపు వెళ్లే పాసింజరు ఎక్కాను. కిటికీ సీటు కావాలంటే కాస్త ముందే రావాలి. అమ్మతో వెళ్లేటప్పుడు వంతెన దాటి కొవ్వూరు రాకముందే పులిహోర డబ్బా తెరిచేది. ఈసారి ఒళ్లో ఉన్నది కషాయం సీసా.

నిడదవోలులో బండి చాలాసేపు ఆగింది. ఎదుటి సీటు పెద్దావిడ ఇడ్లీ పొట్లం చాపారు. నేను సీసా చూపించాను.

"దాల్చినచెక్క నీళ్లాండి? మా కోడలూ తాగుద్దండి. తాగేసి, పెసరట్టులో ఉప్మా పెట్టించుకుంటదండి!"

నవ్వాను. ఇడ్లీ మాత్రం తీసుకోలేదు.

తణుకులో దిగి బస్సు పట్టుకుని, పది దాటేసరికి పిన్ని ఇంటికి చేరాను. సంగతంతా చెప్పాను.

"ఒళ్లు తగ్గడానికి కాయమేంటే?" అంది పిన్ని. "బాలింతకి ఆకలి పుట్టాలని, తిన్నది వంటబట్టాలని పెడతారు. వట్టి ఘాటు మింగితే కడుపు మండదూ?"

మండుతూనే ఉంది.

"మరి అప్పుడు తగ్గాను కదా పిన్నీ?"

"రాత్రిళ్లు పిల్లని భుజానేసుకుని మీ అమ్మ తిరిగేది, నువ్వు నిద్రపోయేదానివి. వేడన్నంలో మొదటి ముద్ద కాయంతో కలిపి పెట్టి, తినేదాకా పక్కనే కూర్చునేది. సాయంత్రం కాలవగట్టు దాకా నడిపించేది. దినుసులతోనే తగ్గిపోతే నేనిలా ఉంటానా? ఏడాది నుంచీ మెంతులు మింగుతున్నా, చూడు నా నడుము!"

నవ్వబోయి ఏడ్చాను. పిన్ని శొంఠి దంచడం మొదలుపెట్టింది. బెల్లం పాకంలో పొడి పడి, నెయ్యి కాగిన వాసన రాగానే, అమ్మ లోపలే ఉన్నట్టనిపించి వంటింటి గుమ్మం వైపు చూశాను.

పప్పు, వంకాయ కూరతో పిన్ని భోజనం పెట్టింది. చాలా రోజులకి మారు అన్నం అడిగాను.

తిరిగి వచ్చేటప్పుడు రావులపాలెం మీదుగా బస్సెక్కాను. ఆ దారిలో గోదావరి పాయలు రెండూ కనిపిస్తాయి, కుదిరితే మీరూ అలాగే రండి. కాయం డబ్బా ఇంకా వెచ్చగా ఉంది. వాము, జీలకర్ర అరుగుదలకు మంచివేనంటారు. కొవ్వు కరిగిస్తాయో లేదో నేను చెప్పలేను. నాది కరగలేదు, నన్ను చూసి నా బిడ్డ అన్నం మానేసింది. అమ్మ పక్కన కూర్చుని తినిపించిన ఆ ముద్ద కోసమే ఇంత దూరం వెళ్లానని ఇల్లు చేరేసరికి అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే వేడన్నం వండాను. పిల్లల కంచాల పక్కన నా కంచమూ పెట్టుకుని, మొదటి ముద్దలో నెయ్యి, కొంచెం కాయం కలుపుకున్నాను. పాప గుమ్మంలో నిలబడి నా చేతివైపే చూస్తోంది, వెనక బాబు.

"రండర్రా," అన్నాను. "అమ్మకి ఆకలేస్తోంది."