గేటు నుంచి వంటింటి దాకా

ఐరిస్ టీచర్ ఎక్కడ నడిచినా గుట్ట ఎక్కుతున్నట్టే ఉంటుంది. దక్షిణాఫ్రికాలో, నార్త్‌డేల్‌లోని బడి వరండాలో కూడా నడుం ముందుకు వంచి, కుడి చెయ్యి మోకాలి మీద ఆన్చి నడుస్తుంది. ఎనిమిదో తరగతికి రేఖ వాలు చెప్పడానికి ఏటా బోర్డు మీద ఒకటే బొమ్మ వేస్తుంది. కింద గేటు, పైన వంటిల్లు, మధ్యలో ఏటవాలు గీత. రెండడుగులు ముందుకు నడిస్తే ఒక అడుగు పైకి వెళ్తాం, కాబట్టి వాలు సగం. అది చిన్నప్పుడు ఆమె ఉన్న ఇల్లు. ఆ గుట్టను తెల్లవాళ్ళ పేటగా ప్రకటించి అందరినీ ఖాళీ చేయించాక ఆమె మళ్ళీ అటు వెళ్ళలేదు. వాళ్ళమ్మ తెలుగులో ఆమెకు మిగిలింది ఆ గేటు దగ్గర రోజూ విన్న ఒక్క మందలింపే. బడిలో ఎవరు పరిగెత్తినా అదే అంటుంది. పిల్లలకు అర్థం కాదు.

ఆ దేశంలో తెల్లవాళ్ళే కాక అందరూ మొదటిసారి ఓట్లేసిన మరుసటి ఏడు, దారం, రసమట్టం పట్టుకుని పిల్లలను ఆ గుట్ట దగ్గరికి తీసుకెళ్ళింది. గేటు స్తంభం ఒకటి మిగిలి ఉంది. దాని వెనక గుట్టను చెక్కేసి టెన్నిస్ కోర్టు వేశారు. ఆమె స్తంభం నుంచి కోర్టు మీదుగా దారం పట్టించింది.

"సున్నా వస్తోంది మేడమ్," అంది కొత్తగా చేరిన జూలూ పిల్ల తాండెకా.

"మళ్ళీ చూడు."

"సున్నానే మేడమ్."

"సరిగ్గానే చేశావు. రాసుకో."

పిల్లలు రాసుకుంటుంటే ఆమె గేటు నుంచి వంటిల్లు ఉండిన చోటికి నడిచింది. ఆ చదును నేల మీద నడుం వంచి, మోకాలి మీద చెయ్యి ఆన్చి, "మెల్లిగా ఎక్కవే, జారతావు," అనుకుంటూ.