కళ్లు తెరవని రాళ్లు

ఆళ్లగడ్డ శిల్పి గురుస్వామికి ఒక పట్టింపు ఉంది. కళ్లు చెక్కేదాకా ఏ విగ్రహాన్నీ దేవుడి పేరుతో పిలవడు. అప్పటిదాకా అది రాయే. ఫోన్‌లో ఫొటో తీసినా "రాయి" అనే పేరు పెట్టి తన వెబ్‌సైటుకు ఎక్కిస్తాడు. ఆ వెబ్‌సైటు చేసిచ్చింది నేను; విగ్రహం చేయించుకునే ప్రతి ఊరికీ అందులో ఒక పేజీ ఉంటుంది. నంద్యాలలో ఉంటాను.

ఒక ఉదయం ఫోన్ చేశాడు.

"పూర్ణిమమ్మా, బేగా రా. చాగలమర్రోళ్ల పేజీలో వేరే మొగముంది. మా అమ్మవారిని ఇంకో ఊరికి ఇచ్చేసినావా అంటాండారు. సాయంత్రానికి తేలకుంటే మాకొద్దు పొమ్మంటారంట."

ఏడాదిగా చెక్కుతున్న విగ్రహం అది. పాపను ఎత్తుకుని బస్సెక్కాను.

ఆయన పని చేసే పందిరి కింద గాలి రాతిపొడితో తెల్లగా ఉంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో చదువుకున్నదాన్ని; పాప ముక్కు మీద చున్నీ కప్పాను. పొడి మబ్బులో కళ్లు లేని ముఖాలు కలగంటూ నవ్వుతున్నట్టున్నాయి. ఉలి చప్పుడు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టుంది.

ల్యాప్‌టాప్ తెరిచాక తెలిసింది. ఇన్నాళ్లూ సైటులో కళ్లు తెరవనిది చాగలమర్రి విగ్రహం ఒక్కటే; నిన్న కొలిమిగుండ్ల విగ్రహం ఫొటో కూడా "రాయి" పేరుతోనే ఎక్కింది. పాత ఫొటోను చెరిపేసి దాని చోట కూర్చుంది.

"దేనికి దానికి పేరుండాల అప్పా. దీనికి ఎల్లమ్మ అని పెడదామా?"

"కళ్లు తెరవకముందే పిలుస్తే ఎట్ల పలుకుతాది? నీ కూతుర్ని పుట్టకముందే బడిలో ఏసినట్టుంది."

"పోనీ, పోయే ఊరి పేరు?"

ఉలి ఆపి రాయి వైపు చూశాడు. "అది పెట్టు. యాడికి పోవాలో దానికి తెలుసులే."

చాగలమర్రి పేరుతో ఫొటో మళ్లీ ఎక్కించి, ఆ ఊరి గుడి పెద్ద యశోదమ్మకు ఫోన్ చేశాను.

"ఇంగా ఆ వేరే మొగమే ఉంది" అందామె.

మళ్లీ వెతికాను. పేజీ ఇంకా "రాయి" అనే పేరున్న ఫొటోనే అడుగుతోంది. అక్కడా కొత్త పేరు రాసి, మళ్లీ తెరవమని చెప్పి, స్పీకర్ పెట్టి ఫోన్ గురుస్వామి చేతికిచ్చాను.

అవతల గాజుల చప్పుడు, గుసగుసలు. ఎవరో "గడ్డం కింద ఆ సొట్ట చూడక్కా" అన్నారు. తర్వాత యశోదమ్మ గొంతు: "గురుసామీ, ఈయమ్మే మాయమ్మ. కళ్లెప్పుడు తెరుస్తావ్?"

"శుక్రవారం రాండి. తొలిచూపు పడేదానికి అద్దం మీరే తెచ్చుకోండి."

ఫోన్ నాకిచ్చి, తువ్వాలతో ఆ రాతి ముఖం తుడిచాడు. కళ్లు రావలసిన చోట మెల్లగా, పడుకున్న బిడ్డను తుడిచినట్టు.