దేవయాని టీచర్ చేసిన ఇల్లు

దేవయాని టీచర్ నోటికి పుత్తన్‌కరలో జడవనివాళ్ళు లేరు. చేపలవాడు ఆమె గుమ్మం ముందు సైకిల్ గంట కొట్టేవాడు కాదు. నిన్నటి చేపను ఇవాళ్టిదని చెప్పి ఒకసారి తిన్న చీవాట్లు వాడికింకా గుర్తే. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "చూడ్డానికొచ్చినవాళ్ళలో నాకు నచ్చినవాడు లేడు, నన్ను తట్టుకోగలవాడు అసలే లేడు" అనేది. కిళక్కేడత్తు కుటుంబం నడిపే బడిలోనే చాలా ఏళ్ళుగా సాంఘికశాస్త్రం చెబుతోంది. చేతిపని తెలిసిన మనిషి. కోట గురించి చెప్పాలంటే బూరుగు చెక్కతో కోట చేసుకొచ్చి బల్లమీద పెట్టిగాని పాఠం మొదలెట్టదు.

అందుకే ఆ కుటుంబం పెద్ద, బడి మేనేజరు రాఘవ కురుప్పు ఆమెకే కబురు పెట్టాడు.

"పాత ఇల్లు కూల్చేస్తున్నాం, దేవయానీ. ఎన్ని తరాల ఇల్లో నీకు తెలుసుగా. ఎనిమిదో తరగతికి మన ఊరి చరిత్ర పాఠముంది, దానికో నమూనా చెయ్యి. ఊరికే చూసే బొమ్మ వద్దు. పిల్లలు చేత్తో తలుపులు తియ్యాలి, గంట కొట్టాలి, బావి గిలక తిప్పాలి. ఆ ఇల్లు ఎలా నడిచేదో అలాగే నడవాలి."

"అచ్చం అలాగేనా?"

"అచ్చం అలాగే."

"సరే" అంది. అంత తేలిగ్గా ఆమె దేనికీ సరే అనదని కురుప్పుకు తట్టలేదు.

కొలతలకని ఆ ఇంటికి వెళ్ళింది. కురుప్పు అక్క అమ్మిణియమ్మ మండువాలో పడక కుర్చీలో కూర్చుని, దేవయాని టేపు పట్టుకుని తిరుగుతున్నంతసేపూ ఆమె మీంచి కళ్ళు తిప్పలేదు.

"మీ అమ్మ మా పెరట్లో వడ్లు దంచేది. నీకీ ఇల్లు కొత్తా?"

"కొత్తేనండీ. మా అమ్మని దంపుడు సావిడి దాటనిచ్చారా, నాకు చెప్పడానికి?"

టీ వచ్చింది. అంచు విరిగిన గాజు గ్లాసులో, మెట్టు మీద. దేవయాని దాన్ని ముట్టుకోలేదు. అందులో ఈగ పడింది. ఆమె తలెత్తి వాసాలు లెక్కపెట్టుకుంది, రాసుకుంది, చెప్పులేసుకుని వచ్చేసింది.

నమూనా తయారైంది. పెంకు పెంకుగా పైకప్పు, వేలితో తోస్తే తెరుచుకునే తలుపులు, మోగే గంట, తాడు చుట్టుకునే గిలక. వీధి వాకిలి నుంచి పూజగది దాకా నేలలో ఒక గాడి తొలిచింది. గుప్పెడు కొయ్యబొమ్మలు చేసి ఒక్కోదాని కాళ్ళకింద ఒక కొయ్య మేకు దిగ్గొట్టింది. మేకు గాడిలో పెట్టి తోస్తే బొమ్మ నడుస్తుంది. కిటుకంతా అక్కడే ఉంది. గాడి లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది. మేకులన్నీ ఒక్క లావు కావు.

పాఠం రోజున కురుప్పు కూడా వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. పిల్లలు ఎగబడి గంట కొట్టారు, బావిలో చేద ముంచారు. కురుప్పు ముఖం వెలిగిపోయింది. అప్పుడు దేవయాని బొమ్మలు పంచింది.

ఒక బొమ్మ పూజగది దాకా జారిపోయింది. ఒకటి మండువాలో ఆగింది. ఒకటి వీధి వాకిట్లోనే బిగుసుకుపోయింది. దాన్ని తోస్తున్న పిల్ల సంధ్య. దేవయాని అన్న సుగతన్ కూతురు.

"టీచర్, ఇది పోవట్లేదు. పాడైందా?"

"పాడవలేదు. దాన్ని అక్కడిదాకే రానిచ్చేవాళ్ళు."

"ఎవరీ బొమ్మ?"

"నేను చెప్పను. 'మనవాళ్ళది ఏ బొమ్మ?' అని ఇళ్ళకెళ్ళి మీ పెద్దవాళ్ళనడగండి. రేపు చెప్పండి."

కురుప్పు లేచి, ఆమెను వసారాలోకి పిలిచాడు.

"మా తిండి తిని పెరిగింది మీ అమ్మ. మా బడిలో నీకు ఉద్యోగం. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"లెక్కపెట్టకుండా నమూనా ఎలా కట్టమంటారు? అచ్చం అలాగే కావాలన్నది మీరేగా."

"వెటకారమా?"

"కాదు సార్. వడ్రంగం."

కురుప్పు కోపం ఆమెకు పండగలా ఉంది. అదే ఊపుతో ఇంటికి వెళ్ళి, కర్రపెండలం ఉడకేసుకుని చేపల పులుసుతో కడుపారా తింది. ఆ ఆనందం మర్నాటి దాకే.

మర్నాడు బడి ఆవరణలో పిల్లలు నేలమీద గీతలు గీసుకుని కొత్త ఆట ఆడుతున్నారు. "నువ్వు లావు మేకు! గీత దాటకు, అక్కడే ఆగు!" అని ఒక పిల్ల అరుస్తోంది. గీతకు అవతల నిలబడ్డది సంధ్య. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. దేవయాని వెళ్ళి గీతల్ని చెప్పుకాలితో చెరిపేసి, అరిచిన పిల్లను గదమాయించింది. సంధ్య మేనత్త వైపు ఒక్కసారి చూసి, సంచి తీసుకుని ఇంటికి పరిగెత్తింది.

కథ ముందు చెప్పి బొమ్మలు తర్వాత ఇవ్వాల్సింది. ఆ సంగతి దేవయానికి ఆ క్షణంలోనే తెలిసింది. కానీ తెలిసినట్టు ఎవరితోనూ అనలేదు.

మధ్యాహ్నం హెడ్మాస్టరు కోశి పిలిపించాడు. గదిలో కురుప్పు ఉన్నాడు. ఆయన పక్క కుర్చీలో సుగతన్ ఉన్నాడు. కాలువ గట్టు తగాదాలో కోర్టుకెక్కి, ఎదురుపడితే ఉమ్మేసి పోయే ఇద్దరూ ఒకే బల్ల దగ్గర టీ తాగుతున్నారు.

"నా కూతుర్ని వాకిట్లో నిలబెడతావా నువ్వు?" సుగతన్ లేచాడు. "నాన్న మరిచిపోయాడు, నేను మరిచిపోయాను. ఆ పసిదానికి గుర్తు చెయ్యమని నిన్నెవడు అడిగాడు?"

"నాన్న మరిచిపోలేదన్నా. నీకు చెప్పలేదంతే. సిగ్గుపడి."

"ఆ సిగ్గేదో నువ్వే మొయ్యి! నా పిల్ల నెత్తిన పెట్టకు."

"సిగ్గు మనకెందుకు? వాకిలి మూసింది మనమా?" అంటూ ఆమె కురుప్పు వైపు వేలు చూపింది.

"చూశారా సార్," అన్నాడు సుగతన్ కురుప్పుతో. "చిన్నప్పట్నుంచీ ఇంతే. దీని నోటికి మేమే దడుచుకుంటాం."

అన్న నోట ఆ మనిషికి 'సార్' వినగానే ఆమె చూపిన వేలు దించేసింది. బొమ్మల్ని కోశి బీరువాలో పెట్టి తాళం వేశాడు; నమూనా ఇల్లు మాత్రం తరగతిలోనే ఉండిపోయింది. ఎనిమిదో తరగతి కొత్తగా వచ్చిన ప్రియంవద టీచరుకు ఇచ్చారు. దేవయానికి పక్కనున్న ఐదో తరగతి దక్కింది. రెండింటికీ మధ్య ఉన్నది వెదురు తడిక.

వారం తిరక్కముందే తడిక అవతలినుంచి ఒక పిల్లాడి గొంతు వినబడింది.

"టీచర్, ఈ గాడి ఎందుకు?"

"అదా... వాన నీళ్ళు పోయే కాలువరా."

దేవయాని సుద్దముక్క కింద పెట్టింది. ఐదో తరగతిని ఎక్కాలు చదువుకోమని చెప్పి పక్క గదిలోకి నడిచింది.

"కాలువ కాదు," అంది.

"టీచర్, దయచేసి..." అంది ప్రియంవద.

"నువ్వు కూర్చోమ్మా." ఆమె పిల్లల వైపు తిరిగింది. బొమ్మలు లేవు కనుక మాటలతోనే చెప్పింది. తన అమ్మ చిన్నతనంలో కూలి గింజల కోసం వీధి వాకిలి అవతల వానలో నిలబడి, లోపలివాళ్ళకు వినబడేలా కేకలేసేది. ఎవరో వచ్చి ఆకులో పోసిన గింజల్ని దూరంగా పెట్టి వెళ్ళేవారు. సగం వానకు కొట్టుకుపోయేవి. తర్వాత కాలం మారి పెరటి సావిడి దాకా రానిచ్చారు. ఆ రాకను గొప్పగా చెప్పుకుంటూనే ఆమె చచ్చిపోయింది. దేవయాని గొంతు పెంచలేదు. ఆ గొంతు అలా కూడా ఉంటుందని పిల్లలకు అప్పటిదాకా తెలియదు. సంధ్య తల దించుకుని వింది. మేనత్త వైపు మాత్రం చూడలేదు.

బడినుంచి సంజాయిషీ అడిగారు. 'అది కాలువ కాదు' అని ఒక్క వాక్యం రాసిచ్చింది. ఆ ఏడు జీతం పెంపు ఆగిపోయింది.

సుగతన్ తన ఇంటికీ చెల్లెలి ఇంటికీ ఉమ్మడిగా ఉన్న పెరటికి అడ్డంగా గోడ లేపించాడు. దేవయాని మేస్త్రీకి ఇటువైపు నుంచి టీ ఇచ్చి, కాసేపు నిలబడి చూసి, "ఏమయ్యా, నిలువు చూసుకునే తూకపుగుండు లేదా? గోడ మా వైపుకి ఒరుగుతోంది. ఊడదీసి కట్టు" అని గద్దించింది.