నది దాటితే డాలరుకు తొంభై తొమ్మిది సెంట్లు

ఈ ప్రయాణం ఒక బెదిరింపుతో మొదలైంది. 1989 జూన్, ఇక్కడ విక్టోరియా రాష్ట్రంలో చలికాలం. క్లేటన్‌లో అద్దెకు తీసుకున్న హాల్లో మా తెలుగు ఆరాధన ముగిసింది. సంఘ పెద్ద దయానందం అంకుల్ కొత్త కీబోర్డు కోసం రాఫిల్ అనే లాటరీ టికెట్లు అమ్ముతూ, మధ్యలో సుగుణ ఆంటీని పక్కకు పిలిచి, అందరికీ వినబడేలా మాట్లాడారు. జూదం మెషీన్లు ఆడడానికి నెలకోసారి ఆమె ఎక్కే పోకీ బస్సు మానాలి, లేదంటే సండే స్కూల్ వదులుకోవాలి. ఆంటీ గుంటూరులో చదివొచ్చిన నర్సు. ఆ సండే స్కూలును మొదలుపెట్టిందే ఆమె. పిల్లలు ఇంగ్లీషులో జవాబిచ్చినా, పాటలు మాత్రం తెలుగులోనే పాడించేది. నాకు ఒళ్లు మండింది. అప్పటికే రెండు రాఫిల్ టికెట్లు కొని ఉన్నందుకు ఇంకా మండింది.

నేనప్పుడు యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ రీసెర్చ్ చేస్తున్నాను. ఆంటీ తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"అమ్మాయ్, అది తప్పా ఒప్పా అన్నది నాకూ దేవుడికీ మధ్య మేటర్. నేను ఫూల్‌నా కాదా, అది నువ్వు కాలిక్యులేట్ చేసి చెప్పు. నీ లెక్క డాలరుకు నూరు సెంట్లు దాటిందా, ఎవరేమన్నా ఆడతా. దాటలేదా, ఆ బటన్ మళ్లీ టచ్ చెయ్యను. అంతేగానీ ఈయన ఆర్డరేస్తే మానేదాన్ని కాదు."

ఆమె ఆడేది డ్రా పోకర్ మెషీన్. తెర మీద ఐదు ముక్కలు పడతాయి. కావలసినవి ఉంచుకుని మిగతావి ఒక్కసారి మార్చుకోవచ్చు. చివరికి చేతిలో ఉన్న కలయికను బట్టి డబ్బులిస్తుంది. ఒకే గుర్తులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు వస్తే రాయల్, అంటే జాక్‌పాట్. అది ఎవరికీ పడనంతకాలం, జనం వేసే ప్రతి డాలరులోంచి కాస్త చేరి జాక్‌పాట్ మొత్తం చూపే మీటరు పెరుగుతూ పోతుంది. కాబట్టి ఎక్కడో ఒక అంకె దాటాక, వేసిన డాలరుకు సగటున డాలరు పైనే తిరిగి రావాలి. ఆ అంకె కోసం రెండు వారాలు కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చుని, ప్రతి పంపకానికీ ఏ ముక్కలు ఉంచుకోవాలో, దాని విలువెంతో లెక్క కట్టించాను. ఇది గణితం కాదన్నారు మా గైడ్. ఇంతకంటే గణితం ఏముంటుందో ఆయనే చెప్పాలి.

శనివారం ఉదయం ఏడుంబావుకు క్లేటన్ స్టేషన్ ఎదుట బస్సెక్కాం. రానుపోను పది డాలర్లు, అందులోనే భోజనం కూపన్. అంత చవక ఎందుకంటే, అప్పట్లో విక్టోరియాలో పోకీ మెషీన్లకు అనుమతి లేదు. ముర్రే నది దాటితే న్యూ సౌత్ వేల్స్, అక్కడ ప్రతి క్లబ్బులో ఉండేవి. మమ్మల్ని గేటు దాకా చేర్చడం ఆ క్లబ్బుల అవసరం. సిటీ దాటి ఉత్తరానికి, కిల్మోర్ మీదుగా హీత్‌కోట్. అక్కడ టీకి ఇరవై నిమిషాలు. పచ్చిక మీద మంచు ఇంకా కరగలేదు. ఆంటీ ఇడ్లీ, కారప్పొడి పొట్లం విప్పింది. నా కాగితాలు చూసి డ్రైవర్ స్టావ్రోస్, "ఏంటి డియర్, పరీక్షా?" అన్నాడు. పరీక్ష నాకు కాదు, మెషీనుకని చెప్పాను. "పన్నెండేళ్లుగా ఈ బస్సు నడుపుతున్నా. అది ఇంతవరకు ఫెయిలవలేదు," అన్నాడు. ముర్రే మీది ఎచూకా వంతెన దాటేసరికి పదకొండు కావస్తోంది.

క్లబ్బులో అతిథుల పుస్తకంలో సంతకాలు చేశాం. చివరిసారి అయినా కావచ్చని ఆంటీ ఆట మొదలుపెట్టింది. నేను పక్కన నిలబడి చూశాను. రెండు నాలుగులు, ఐదు, ఆరు, ఏడు పడ్డాయి. ఆమె ఒక నాలుగును నిర్దాక్షిణ్యంగా పారేసింది.

"ఆంటీ! జత ఉంచుకోవాలి!"

"జత దేనికే? సీక్వెన్స్ లేకుండా షో ఎట్లా చూపిస్తాం?"

అప్పుడర్థమైంది. ఈమె ఆడుతున్నది పోకర్ కాదు, గుంటూరు నర్సింగ్ హాస్టల్లో నేర్చిన పదమూడు ముక్కల రమ్మీ! రమ్మీలో సీక్వెన్స్ లేనిదే గతి లేదు. ఇక్కడ మాత్రం ఆ నాలుగు వరస ముక్కల విలువ డాలరుకు అరవై ఎనిమిది సెంట్లు, ఆమె పగలగొట్టిన జత విలువ ఎనభై పైనే. చెబితే ముఖం చిట్లించింది. మీటరు ఇంత పెరిగినప్పుడు, రాయల్‌కు పనికొచ్చే మూడు ముక్కలు చేతిలో ఉంటే, డబ్బులిచ్చే జాకీల జతను కూడా పగలగొట్టాలన్నాను. "చేతికొచ్చింది పారెయ్యమంటావా? నీ చదువు తగలెయ్య!" అంది. అయినా నేను చెప్పినట్టే నొక్కింది.

మీటరు 1,460 డాలర్లు. మెషీను మీది చెల్లింపుల పట్టిక రాసుకుని, నా కాగితాల్లో ఆ వరస వెతికాను. ఆ పట్టికకు మీటరు సుమారు 1,730 దాటితేనే నూరు. ఇప్పుడున్న అంకెకు, ఒక్క తప్పు లేకుండా ఆడినా, డాలరుకు తొంభై తొమ్మిది సెంట్లు. రోస్ట్ ల్యాంబ్ ప్లేటు ముందు కూర్చుని మూడుసార్లు చూశాను. నూరు అని చెప్పేస్తే పోయేదేముంది? ఒక్క సెంటేగా. ఆ మాట విన్న దయానందం అంకుల్ ముఖం చూడాలని నాకెంత ఉందో ఆ దేవుడికే తెలుసు. కానీ ఆయన మాట కాదని ఆంటీ నా అంకెను నమ్మింది. అది కూడా అబద్ధమైతే ఆమెకు ఇంకేం మిగులుతుంది?

"తొంభై తొమ్మిది, ఆంటీ. అదీ రాయల్‌ను కలుపుకుంటే. అది దాదాపు నలభై వేల పంపకాలకు ఒకసారి పడుతుంది. నెలకు మీరాడే నాలుగు వందల పంపకాలతో, ఎనిమిదేళ్లకు పైనే."

ఆంటీ ప్లేటు ఖాళీ చేసింది. మెషీను దగ్గరికెళ్లి మిగిలిన నాణేలు బయటకు తీసుకుంది. హ్యాండ్‌బ్యాగ్ జిప్పు లాగి, "పద, రివర్ చూద్దాం" అంది. ఇన్నేళ్లుగా వస్తూ ఆమె నదిని బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదట. ఒడ్డున బెంచీ మీద బూట్లు విప్పి, కాళ్లు చాపుకుని, బస్సు బయల్దేరే నాలుగింటిదాకా అక్కడే కూర్చుంది. వచ్చేటప్పుడు గోల చేసినవాళ్లు తిరుగుదారిలో పర్సులు సర్దుకుని కళ్లు మూసుకున్నారు. ఆంటీ ఒక్కతే పాట తీసింది.

మరుసటి ఆదివారం అంకుల్ టికెట్ల కట్టతో ఎదురొచ్చి, మానేశారా అని అడిగారు.

"మెషీన్ మానేశా బ్రదర్. బస్ మానను, నెక్స్ట్ మంత్ కూడా వెళ్తున్నా." ఆంటీ నావైపు తిరిగింది. "అమ్మాయ్, ఈ రాఫిల్ కూడా కాలిక్యులేట్ చెయ్."

రెండు డాలర్ల టికెట్లు ఐదు వందలు, బహుమతి మూడు వందల డాలర్ల టీవీ. కాగితం కూడా అక్కర్లేదు. "డాలరుకు ముప్పై సెంట్లు," అన్నాను.

"తొంభై తొమ్మిది ఇచ్చేదాన్ని నేను ఆపేశా. ముప్పై ఇచ్చేదాన్ని మీరెప్పుడు ఆపుతారు?"

ఆంటీ పాటల పుస్తకం తీసుకుని, పిల్లల్ని కేకేసుకుంటూ తన క్లాసుకు వెళ్లిపోయింది. వెళ్లొద్దని ఆమెకు చెప్పే ధైర్యం ఆ రోజుగానీ, ఆ తర్వాతగానీ ఎవరికీ రాలేదు.

ఇన్నేళ్ల తర్వాత ఆ కాగితాలు తీస్తే నాకు ఇప్పటికీ గర్వమే. ఆ ఒక్క సెంటు తేడాను నేను మింగెయ్యలేదు, ఆంటీ కూడా మింగెయ్యమనలేదు. లెక్క ముందు తల వంచడం వేరు, మనిషి ముందు తల వంచడం వేరని నాకు నేర్పింది ఆమే. మీరూ ఆ దారిన వెళితే ఒక్క సలహా: మెరిసే మీటరును చూసే ముందు, కింద చిన్న అక్షరాల్లో ఉండే ఫుల్‌హౌస్, ఫ్లష్ లాంటి చిన్న కలయికలకిచ్చే చెల్లింపులు చదవండి. అవి తగ్గిస్తే జాక్‌పాట్ ఎంత పెద్దదైనా దండగే. లెక్క నూరు దాటకపోతే నాణేలు జేబులో వేసుకుని నదివైపు నడవండి, బస్సు నాలుగింటిదాకా కదలదు.