‘చూస్కుంటా’ అనని మనిషి, మా ఓబులేసన్న

నిన్న పొద్దున ఓబులేసన్న నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. మాకొచ్చిన జీఎస్టీ నోటీసు రిప్లై గురించే అయ్యుంటుందని, స్టవ్ మీద పాలు అలాగే వదిలేసి ఎత్తాను.

"అక్కా, నాయన పోయినాడు" అంది వాళ్ల పాప.

"యాడికి?" అన్నాను.

నిజంగా అలాగే అడిగాను. పొద్దున్నే ఆఫీసుకు పోయాడేమో, ఫోన్ ఇంట్లో మరిచిపోయాడేమో అనుకున్నాను. ఆ పిల్ల ఏడుపు విన్నాక గానీ అర్థం కాలేదు. తెల్లవారుజామున గుండెనొప్పి. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందట.

టైపింగ్‌లో తప్పులుంటే ఏమనుకోకండి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. గార్లదిన్నెలో మాది చిన్న గానుగ. శనక్కాయల నూనె ఆడించి, బాటిళ్లలో పోసి అనంతపురం అంగళ్లకు వేస్తాం. మా లెక్కలు, జీఎస్టీ అన్నీ ఓబులేసన్న దగ్గరే.

అందరూ ఆయన్ని ఆడిటర్ సార్ అనేవాళ్లు. ఆయనకు ఒళ్లు మండేది. "నేను ఆడిటర్ కాదప్పా, అకౌంటెంట్‌ని. ఆడిటర్ సంతకం కావల్లంటే ఆడిటర్ దగ్గరికే పో" అని మొహం మీదే చెప్పేవాడు. వచ్చిన పార్టీని ఇలా పంపించేస్తే ఎలా బతుకుతాడో అనుకునేదాన్ని.

ఆయన కంటే ముందు మాకు ఇంకొకాయన ఉండేవాడు. భలే మాటకారి. ఏది అడిగినా "నేను చూస్కుంటాలేక్కా, నువ్వు నూనె చూస్కో" అనేవాడు. నాకూ అదే హాయిగా ఉండేది. రిజిస్ట్రేషన్‌లో ఫోన్ నంబర్ కూడా తనదే పెట్టాడు, ఓటీపీల తలనొప్పి మీకెందుకని. మా పక్క చిన్న వ్యాపారాలవాళ్లు చాలామంది ఇలాగే చేస్తారు.

ఒకరోజు ఆయన ఏదో ఉద్యోగమని బెంగళూరుకు పోయాడు. నంబర్ మార్చేశాడు. మా జీఎస్టీ అకౌంట్ మాకే తెరుచుకోలేదు. ఓటీపీ వచ్చే ఫోన్ యాడుందో దేవుడికే తెలియాలి. ఎక్కే గడప, దిగే గడప అయింది మా బతుకు.

అప్పుడు ఎవరో చెబితే, అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మెట్లెక్కి ఓబులేసన్న ఆఫీసుకు పోయాను. మొత్తం చెప్పుకుని, "అన్నా, ఇంక అంతా నువ్వే చూస్కో" అన్నాను.

"చూస్కోను" అన్నాడు.

నేను లేచి బ్యాగు తీసుకున్నాను.

"కూర్చో మ్మా. చూస్కోను, చూపిస్తా. చూస్కుంటా అనేవాన్ని ఎప్పుడూ నమ్మొద్దు. నేనన్నా సరే నమ్మొద్దు. చూపిస్తా అనేవాని దగ్గరికి పో."

ఆ రెండు మాటలకు మధ్య ఇంత తేడా ఉందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఆయన మొట్టమొదట చేసిన పని, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి రిజిస్ట్రేషన్‌లో నా నంబర్ వేయించడం. అప్పటినుంచి ఓటీపీ నాకే వచ్చేది. నేను ఫోన్ చేసి గబగబా చదివేస్తే తీసుకునేవాడు కాదు. "దేనికని అడక్కుండానే చెప్తాండావే. బీరువా తాళాలు గూడా ఇట్లే ఇస్తావా?" అనేవాడు. దేనికన్నా అని నేను అడగాలి, ఆయన విడమరిచి చెప్పాలి, నాకు అర్థమయిందని నమ్మకం కుదరాలి. ఇక్కడ గానుగ తిరుగుతుంటుంది, అక్కడ ఈయన పాఠం. ఎన్నిసార్లు విసుక్కున్నానో.

ఇప్పుడు ఆ పాఠమే కావాలి నాకు.

మేం బాటిళ్లు కొన్న పార్టీ తన రిటర్న్‌లో మా బిల్లు చూపించలేదు. మేం బిల్లుతో పాటు కట్టిన ట్యాక్స్ లెక్కలో కనబడటం లేదని నోటీసు మాకు వచ్చింది. సోమవారం లోపల రిప్లై ఇవ్వాలి. లేకపోతే ట్యాక్స్, పెనాల్టీ మా నెత్తినే. వానల్లేక కాయల రేటు ఇప్పటికే మండిపోతోంది. ఈ దెబ్బ కూడా పడితే గానుగ ఆపుకోవాల్సిందే.

మనిషి పోయి రెండు రోజులు కాలేదు, దీనికి సోమవారం గోల ఏమిటని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకుంటున్నాను. ఏడుద్దామని కూర్చుంటే నోటీసు గుర్తొస్తోంది. నోటీసు తీస్తే ఏడుపొస్తోంది.

నిన్న సాయంత్రం ఆయన్ని సాగనంపడానికి మట్టికి పోయాం. షామియానా కిందే ఒకాయన పక్కకు వచ్చి, "అక్కా, ఓబులేసన్న పార్టీల పని ఇంక నేనే చూస్కుంటా, మీరు నిమ్మళంగా ఉండండి" అన్నాడు.

"ఓటీపీ ఎవురికొస్తాది?" అని అడిగాను.

"నా నంబర్ పెట్టేద్దాంలేక్కా. మీకెందుకు ఆ బాధ" అన్నాడు.

అక్కడినుంచి పోయి ఓబులేసన్న భార్య, మా వదిన పక్కన కూర్చున్నాను.

మెసేజ్‌లో అకౌంటెంట్ల నంబర్లు పంపుతున్నవాళ్లకు దండం. ఆ మనిషి ‘చూపిస్తా’ అంటాడో లేదో కనుక్కుని పంపండి. పని ఎంత తెలుసనేది తర్వాత అడుగుతాను.

పోయిన శనివారం ఆయన ఆఫీసులోనే రిప్లై మొదలుపెట్టాం. పక్కన కూర్చుని నాతోనే టైపు చేయించాడు. సగం అయింది. ఫ్యాను కిందే చెమటలు కారుతున్నాయి, ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు.

"అన్నా, డాక్టర్‌కు ఒకసారి చూపించుకో" అన్నాను.

స్క్రీన్ మీంచి తల ఎత్తలేదు.

"చూస్కుంటాలే మ్మా" అన్నాడు.

ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. అదే చివర.

నమ్మినాను అన్నా. నమ్మొద్దన్నది నువ్వే. కానీ ‘చూస్కుంటా’ అన్నది కూడా నువ్వే కదా అని నమ్మినాను.

మిగతా సగం నేనే రాస్తాను. భయంగానే ఉంది. ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది. దేనికని నన్ను నేనే అడుక్కుంటాను.

పోయిరా అన్నా. ఆడన్నా ఎవురి లెక్కలూ నెత్తిన పెట్టుకోకుండా, నిమ్మళంగా పండుకో.